150 అంటే ఆడపిల్లేనా?

ఈ వారం ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో వెనక సీటు మాటలు చెవిన పడ్డాయి. “బిడ్డ గుండె నిమిషానికి 150 కొట్టుకుంటాందంట అక్కా, ఆడపిల్లే అయ్యుంటాది.” ఒళ్లు మండింది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చింది. స్కానింగ్ గదిలో చెప్పనిది ఈ అంకెల్లో వెతుక్కుంటున్నారు.

గుండె వేగానికి సంబంధం నెలలతో, ఆడా మగాతో కాదు. ఆరో వారంలో 100, 120 దగ్గర మొదలై, తొమ్మిదో వారానికి 170 దాకా ఎక్కి, మెల్లగా దిగుతుంది. నెలలు నిండాక 110–160 మధ్య ఉంటుంది. మూడో నెలలో 165 ఉన్న బిడ్డకే తొమ్మిదో నెలలో 135 రావచ్చు. అంతలో ఆడపిల్ల మగపిల్లాడైపోయిందా?

ఆ వేగం చూసేది బిడ్డ క్షేమం కోసం. దాన్ని వినడానికి యంత్రం కన్నా చెవే నమ్మకమని చాలాసార్లు వాదించాను. దానికి మూలం నేను చూసిన ఒక పెద్ద నర్సమ్మ. చేతిలో గరాటులాంటి గొట్టం. 1895లో పినార్ అనే ఫ్రెంచి డాక్టరు రూపొందించిన రకం. వెడల్పు మూతి తల్లి పొట్టమీద, రెండో కొస తన చెవికి. వినపడేది తల్లి గుండె కాదని తేల్చుకోడానికి తల్లి మణికట్టు కూడా పట్టుకునేది. నొప్పి తగ్గగానే నిండా ఒక నిమిషం లెక్కపెట్టేది. అప్పుడు గదిలో ఎవరూ నోరు మెదపకూడదు. నొప్పికి గర్భసంచి బిగుసుకుంటే మాయకు రక్తం తగ్గుతుంది. గట్టి బిడ్డ తట్టుకుంటుంది. ఆక్సిజన్ సరిపోని బిడ్డ గుండె మాత్రం నెమ్మదించి, నొప్పి పోయాక కూడా తొందరగా తేరుకోదు. ఆమె చెవి పెట్టేది ఆ ఆలస్యం కోసమే. బిడ్డ తల నొక్కుకోవడం వల్ల నొప్పితోపాటే దిగి, దానితోపాటే లేచే వేగానికి గాబరా పడేది కాదు.

పొట్టకు పట్టీలు కట్టి కాగితం మీద గీతలు గీసే సీటీజీని తిట్టాలనే కూర్చున్నాను. అందరికీ అదేపనిగా పెడితే ఆపరేషన్లు పెరిగాయి తప్ప బిడ్డల మరణాలు తగ్గలేదని పరిశోధనలు చెప్పాయి. మన రాష్ట్రంలో 2019–21 సర్వే నాటికే నూటికి 42 కాన్పులు ఆపరేషన్లు. కానీ ఆ పరిశోధనల్లోనే పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ సగానికి తగ్గాయి. ఇది చిన్న విషయం కాదు. గుండె వేగం క్షణక్షణానికీ కాస్త ఎక్కి దిగుతుండాలి. ఆ గీత చాలాసేపు చదునుగా సాగితే డాక్టరు చూడాలి. గొట్టంతో విని అది పట్టుకోలేం. బీపీ పెరిగిన తల్లికి, నొప్పుల డ్రిప్ ఎక్కుతున్న తల్లికి, ఉమ్మనీరు పచ్చబడిన తల్లికి పట్టీలు కట్టాల్సిందే.

ఆరోగ్యంగా ఉన్న తల్లికి నొప్పుల్లో 15–30 నిమిషాలకోసారి, బిడ్డ బయటికొచ్చే దశలో 5 నిమిషాలకోసారి వింటే చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రాత్రి పూట నలుగురు తల్లులకు ఒకే నర్సు ఉంటే అది సాగదు. ప్రొద్దుటూరులోనైనా పులివెందులలోనైనా కాన్పు గదికి ముందు అడగాల్సింది చాలినంతమంది నర్సులు కావాలని. ఇంటి దగ్గర బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దమ్మా, 108కి ఫోన్ చేయండి.