మరణానికి ముందు పది రోజులు

ఆప్తులు పోయాక వచ్చే దుఃఖానికి తోడుండే ఆచారాలు దాదాపు ప్రతి సమాజంలోనూ ఉన్నాయి గాని, మరణం ఇంకా రాకముందే మనసును కుదిపే దుఃఖానికి చోటిచ్చినవి అరుదు. హైదరాబాద్ పాతబస్తీలో దబీర్‌పురా, దారుల్‌షిఫా పరిసరాల షియా ముస్లింలు పాటించే అజాదారీ, అంటే క్రీ.శ. 680లో కర్బలాలో ప్రాణాలర్పించిన ఇమామ్ హుసేన్ కోసం ఏటా జరిపే శోకాచరణ, ఆ అరుదైన వాటిలో ఒకటి. ఇమామ్ మరణించింది మొహర్రం పదో తేదీన; శోకం మాత్రం ఒకటో తేదీనే మొదలై, నలభయ్యో రోజున వచ్చే చెహ్లుం మీదుగా రబీఉల్ అవ్వల్ ఎనిమిదో తేదీ దాకా సాగుతుంది.

ఈ ముందటి రోజుల్లో ఏడో తేదీ ప్రత్యేకంగా పరిశీలించదగ్గది. హుసేన్ తన అన్న కొడుకు కాసింకు కుమార్తె ఫాతిమా కుబ్రానిచ్చి కర్బలాలోనే పెళ్లి చేశాడనీ, ఆ వెంటనే పెళ్లికొడుకు యుద్ధంలో నేలకొరిగాడనీ ఇక్కడి నమ్మకం. ఆ పెళ్లి జరిగిందని మతపండితులు అందరూ ఒప్పుకోరు గాని, స్త్రీల మజ్లిస్‌లోకి, అంటే శోకసభలోకి, ఆనాడు మెహందీ పళ్లెం వచ్చేది ఈ నమ్మకం వల్లనే. హైదరాబాద్ షియా స్త్రీపురుషుల ఆచరణపై 2011లో పుస్తకం వెలువరించిన కారెన్ రఫుల్ విస్తారంగా చర్చించినదీ ఈ ఘట్టాన్నే. పెళ్లి గోరింటాకు ఎదురుగా పెట్టుకుని గుండెలు బాదుకునే ఆ స్త్రీలు, చావు దగ్గరపడిందని తెలిసీ బతికున్న మనిషిని మరింత దగ్గరకు తీసుకోవడం ఎలాగో ఏటేటా సాధన చేస్తున్నారనిపిస్తుంది. మనోవైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో ముందస్తు శోకాన్ని, అంటే ఎడబాటు జరగకముందే అనుభవించే శోకాన్ని వివరిస్తూ, యుద్ధానికి వెళ్లిన భర్త ఇక రాడని ముందే ఏడ్చి మమకారం తెంచుకున్న భార్య దగ్గరికి ఆ భర్త ప్రాణాలతో తిరిగి వచ్చిన సందర్భాన్ని ప్రస్తావించాడు. ఒంటరిగా పడే శోకంలో ఇలా బంధం ముందే తెగిపోయే ప్రమాదం ఎక్కువ కావచ్చు. మజ్లిస్‌లో పక్కన పదిమంది ఉంటారు.

మజ్లిస్‌కు ఒక క్రమముంది. సోజ్, మర్సియా అనే శోకగీతాల తర్వాత జాకిర్ అనే వక్త ముందు ఫజాయిల్, అంటే ఆ మహనీయుల గుణగణాలు, చెబుతాడు. చివర్లో మసాయిబ్, అంటే వారు పడ్డ కష్టాల వైపు, మాట మళ్లించగానే సభ భోరుమంటుంది. ఆపై నౌహా పాటలు, గుండెలు బాదుకునే మాతం, తబర్రుక్, అంటే ప్రసాదం, పంపకం. ఇటీవలే తల్లినో కొడుకునో పోగొట్టుకున్నవారు ఆ ఏడుపులో తమ ఏడుపూ కలిపేస్తే ఎందుకని ఎవరూ అడగరు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేదు. హుసేన్ తల్లి ఫాతిమాకు పుర్సా, అంటే పరామర్శ, చెప్పడానికి వచ్చినవారు తామూ పరామర్శ పొంది వెళతారు. ఆ ఫాతిమా పేరిట మొహర్రం పదిన దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా ఏనుగుపై ఊరేగే బీబీ కా అలం అనే ధ్వజానికి దట్టీలు, అంటే వస్త్రాలు, సమర్పించేవారిలో హిందువులూ ఉంటారు.

ఇంత నేర్పున్న ఈ వీధుల్లోనే, ఇంట్లో నయంకాని రోగి ఉన్నప్పుడు ఆ నేర్పు అక్కరకు రాకపోవడం విచిత్రం. మరణించాక మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం, ఏడాదికి బర్సీ అనే స్మరణ దినాలు ఉన్నాయి. ఇరుగుపొరుగు అన్నం పంపుతారు. వితంతువు నాలుగు నెలల పది రోజుల ఇద్దత్, అంటే వైధవ్య గడువు, పాటిస్తుంది. రోగిని చూడబోవడం, అంటే అయాదత్, పుణ్యకార్యమే గాని, అక్కడ నడిచే మాటలన్నీ కోలుకోవడం గురించే. రోగికీ, చూడవచ్చినవారికీ తెలిసిన విషయం ఎవరి నోటా రాదు. ఈ మౌనం ఒక్క మతానిదీ కాదు, ఒక్క పేటదీ కాదు. నిజానికి వైద్యానికీ శోకానికీ ఇక్కడ చోటు ఒక్కటే: 1595లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఆస్పత్రిగా కట్టించిన దారుల్‌షిఫాలోనే శోకమందిరమైన ఆషూర్ఖానా కూడా వెలిసింది. నేడు మాత్రం ఉపశమన వైద్యం కోసం, అంటే రోగం తగ్గనప్పుడు నొప్పినీ కుటుంబం బాధనూ చూసుకునే వైద్యం కోసం, ఇక్కడి వారు మూసీ దాటి రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి వంటి చోట్లకు వెళ్లాలి. ఆ వైద్యబృందాలకు ఇక్కడి జాకిరాలు, అంటే స్త్రీల సభల్లో ప్రసంగించే వక్తలు, తోడైతే అయాదత్ వేరుగా ఉండవచ్చు: ఫజాయిల్ ముందు, మసాయిబ్ తర్వాత అనే క్రమం తెలిసినవారు గనుక, ఆ మంచంపై మనిషి గుణగణాలను ఆయన వింటుండగానే ఇంటివారి చేత చెప్పించగలరు.