ఒంటి విగ్రహం, ఒరిగిన తూకం

భీమవరంలో 2022 జూలై 4న అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. రాజు కుటుంబానిది ఆ పక్కనున్న మోగల్లు గ్రామం. కనుక భీమవరం వాళ్లు ఆయన్ని మా వాడని చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. మన్యంలో మేమూ ఆయన్ని మా వాడనే అంటాం. ఆయన మీద మాకున్న గౌరవం ఎవరి గౌరవానికీ తీసిపోదు. మా మాట ఆయన గురించి కాదు, ఆయన్ని చూపించే తీరు గురించి.

బొమ్మనైనా శిల్పాన్నైనా రెండు ప్రశ్నలు అడగాలి. బరువు ఎక్కడ పెట్టారు? చూసేవాడి కన్ను ఎక్కణ్ణుంచి ఎక్కడికి నడుస్తుంది? మొదటిది తూకం సంగతి, రెండోది లయ సంగతి. ఈ రెండూ తెలిస్తే ఆ కళ ఎవరి వైపు నుంచి మాట్లాడుతోందో కూడా తెలుస్తుంది.

ఒంటరిగా నిలబెట్టిన నిలువెత్తు విగ్రహంలో తూకం కుదర్చడం శిల్పికి తెలిసిన పనే. నడి మధ్యలో ఒక నిట్టనిలువు గీత, దానికి అటూ ఇటూ సమానంగా బరువు, కింద పీఠం. కన్ను పాదాల దగ్గర మొదలై ముఖం దాకా ఎక్కి అక్కడే ఆగిపోతుంది. ఇంక పోవడానికి చోటు లేదు. లయ పుట్టాలంటే ఒకటి తర్వాత ఇంకొకటి రావాలి, మధ్యలో ఖాళీ ఉండాలి, మళ్లీ రావాలి. ఒక్క దెబ్బ కొట్టి డప్పు వాయించామని ఎవరూ అనరు. కంచు పనిగా ఆ విగ్రహం నిలకడగానే ఉంది. చరిత్రగా చూస్తే మాత్రం ఒక పక్కకి ఒరిగింది.

ఎందుకంటే ఆ పోరాటానికి లయ ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరని విడిపించుకున్నారు. ఇది ఒక్క మనిషి అడుగుల చప్పుడు కాదు. పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టాలతో నలిగినవాళ్లు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేయించిన రోడ్డు మీద గిట్టుబాటు కాని కూలికి ఒళ్లు విరుచుకున్నవాళ్లు కలిసి వేసిన అడుగులు. గాం గంటందొర, గాం మల్లుదొర, కంకిపాటి ఎండు పడాలు, పేర్లు రాసిపెట్టని ఇంకెందరో. రాజుని 1924 మే 7న కాల్చి చంపారు. తర్వాత నెలలోనే గంటందొర కూడా ప్రాణం విడిచాడు. మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. కొండదారిలో పోలీసు దండు వరుసగా వస్తోంది. ముందు నడిచిన దేశీ సిపాయిలని పోనిచ్చారు. తెల్లదొరలు స్కాట్ కవర్డ్, హైటర్ అందుబాటులోకి వచ్చాకే తుపాకులు పేలాయి. ఇద్దరూ చనిపోయారు. చిత్రకారుడికి ఇంతకన్నా మంచి కూర్పు ఏం కావాలి? కింద కదులుతున్న వరుస, పైన కదలకుండా కాచుకున్న వరుస, మధ్యలో ఊపిరి బిగబట్టిన ఖాళీ. అందులో నడి మధ్య ఎవరూ లేరు. అయినా తూకం చెడదు. చేతులన్నీ ఒక్క లెక్కన కదిలాయి కాబట్టే ఆ దాడి సాగింది.

అలాంటి కూర్పు మాకు కొత్త కాదు. సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మ చూడండి. ముందు అంచు గీస్తారు. అది ఇల్లు. అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి నింపుకుంటూ పోతారు. మనుషులు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, పైన సూర్యుడూ చంద్రుడూ. ఒకే రకం చిన్న బొమ్మ వరుసలో మళ్లీ మళ్లీ వస్తుంది. కన్ను ఒక చోట ఆగదు, ఇల్లంతా తిరుగుతుంది. బరువు అందరూ తలా కాస్త మోస్తారు. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్య భారత ఆదివాసీ కళ మీద వేసిన పుస్తకంలో ఈ బొమ్మలకి చోటిచ్చాడు. అంతకు ముందూ ఆ తర్వాతా వాటిని బతికించింది మాత్రం ఆ గోడలే. అరకు థింసాలోనూ ఇదే పద్ధతి. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకున్న ఆడవాళ్ల వరుస పాములా మెలికలు తిరుగుతుంది. ఒక్కరు అడుగు తప్పితే వరుసంతా ఊగుతుంది, పక్కవాళ్లు పట్టి నిలబెడతారు. తూకమంటే మాకు అదే.

గుంపుని శిల్పంగా చేస్తే గందరగోళమవుతుంది, నాయకుడొక్కడే కంటికి ఆనతాడు అని కొందరంటారు. మద్రాసు మెరీనా బీచిలో 1959లో పెట్టిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి శిల్పం అందుకు జవాబు. నలుగురు కూలీలు ఒక బండని కదిలిస్తుంటారు. నాలుగు ఒళ్లూ ఒకే వైపు బలం పెడతాయి, బండ వాళ్లని ఆపుతుంది. తూకమూ లయా రెండూ ఆ పనిలోంచే వచ్చాయి. ఫ్రాన్సులో రోడిన్ కలే పట్టణం కోసం ఆరుగురు పౌరుల్ని కలిపి చేశాడు. ఆరుగురిలో ఎవరూ ప్రధానం కాదు. జనంతో సమానంగా నేల మీద ఉండాలని ఆయన కోరితే, 1895లో పట్టణం వాళ్లు పీఠమెక్కించారు. ఆయన పోయాక 1924లో కిందికి దించారు.

ఇందులో మా పిల్లల సంగతి ఉంది. స్టాంపు మీద, సినిమాలో, కూడలిలో, ఎక్కడ చూసినా గడ్డంతో ఒక్క మనిషే కనిపిస్తే, అడవికి ధైర్యం బయటినుంచి వచ్చిందని వాళ్లు నమ్ముతారు. 1879లోనే రంపలో తమ్మన్నదొర తిరగబడ్డాడన్నది వాళ్లకి ఎవరు చూపిస్తారు? 2022 ఏప్రిల్ 4న, ఒకే రోజున, పాడేరు కేంద్రంగా అల్లూరి జిల్లా ఏర్పడింది, భీమవరం పశ్చిమ గోదావరికి జిల్లా కేంద్రమైంది. రెండు చోట్లా రాజు పేరుంది. గంటందొర పేరు ఏ చోట ఉంది?

విగ్రహాన్ని తీసేయమని మేము అనడం లేదు. దాని చుట్టూ, నేలకి దగ్గరగా, చేత్తో తాకేంత ఎత్తులో, ఒక వరుస చెక్కించండి. విల్లు పట్టినవాళ్లు, తుపాకీ మోసినవాళ్లు, దాక్కున్నవాళ్లకి జావ తీసుకెళ్లిన ఆడవాళ్లు. తెలిసిన పేర్లు తెలిసినట్టు రాయించండి, తెలియనివాళ్లకి ముఖం ఇవ్వండి. ఆ పని మా సవర, కోయ, బగత చిత్రకారులకి అప్పగించండి. అప్పుడు కన్ను పైకెక్కి ఆగిపోకుండా కిందికి దిగి చుట్టూ తిరుగుతుంది. రాజు ఎత్తు అంగుళం కూడా తగ్గదు. ఆయన ఎవరి మధ్య నిలబడ్డాడో తెలుస్తుంది.