యూనిట్ 9 : టవర్ నివేదికలు – బేరింగుకు నూనె అందించే సాధనాలపై ఒక విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• బేరింగుకు నూనె అందించే ముఖ్యమైన సాధనాలు ఎలా పనిచేస్తాయో వివరించగలుగుతారు.
• బోషాం టవర్ 1883, 1885 నివేదికలలోని ప్రధాన ఫలితాలను చెప్పగలుగుతారు.
• ఒక సాంకేతిక నివేదికలో రచయిత వాక్యానికీ, పట్టికకూ మధ్య ఉన్న తేడాను గుర్తించి విమర్శించగలుగుతారు.

9.1 పరిచయం

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టే రైతుకు ఒక సంగతి తెలుసు. కందెన ఎంత పెట్టామన్నదానితో పాటు ఎక్కడ పెట్టామన్నది కూడా చూసుకోవాలి. చక్రం బయటి అంచుకు ఎంత పూసినా ఇరుసు కిర్రుమంటూనే ఉంటుంది. యంత్రాల విషయంలో ఈ మామూలు సంగతిని కొలతలతో నిరూపించినవాడు బోషాం టవర్ అనే ఆంగ్లేయ ఇంజనీరు.

బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్ నియమించిన పరిశోధక సంఘం తరఫున ఆయన ఘర్షణపై ప్రయోగాలు చేశాడు. తొలి నివేదిక 1883లో, రెండవది 1885లో వచ్చాయి. కందెనల గురించి రాసే పాఠ్యగ్రంథాలలో ఈ నివేదికల ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. అయినా వాటిని విమర్శక దృష్టితో చదివే అలవాటు తక్కువ. ఈ యూనిట్‌లో మనం ఒకే ప్రశ్నతో వాటిని చదువుదాం: బేరింగుకు వెళ్ళే నూనెను "నియంత్రించడం" అంటే అసలు దేనిని నియంత్రించడం?

9.2 టవర్ కాలం నాటి సాధనాలు

నివేదికను అర్థం చేసుకోవడానికి అప్పట్లో వాడుకలో ఉన్న మూడు సాధనాలను ముందుగా తెలుసుకోవాలి.

(అ) ఒత్తి కప్పు: బేరింగు పైన నూనె కప్పు, దాని మధ్యలో నిలువు గొట్టం ఉంటాయి. నూలు లేదా ఉన్ని ఒత్తి ఒక కొన నూనెలో, మరొక కొన గొట్టంలో ఉంటుంది. దీపపు ప్రమిదలో ఒత్తి నూనెను పీల్చినట్లే ఇక్కడా కేశనాళికా చర్య వల్ల నూనె పైకెక్కి, గొట్టంలోకి చుక్కలుగా దిగుతుంది. ఒత్తి పోగుల సంఖ్యను బట్టి నూనె పరిమాణం మారుతుంది. యంత్రం ఆగినా ఒత్తి ఆగదు. పనివాడు దానిని పైకి లాగి పెట్టాలి. మరచిపోతే తెల్లవారేసరికి కప్పు ఖాళీ అవుతుంది.

(ఆ) సూది బుడ్డి: నూనె నింపిన గాజు బుడ్డిని తలకిందులుగా బిగిస్తారు. బిరడాలోని సన్నని రంధ్రం గుండా ఒక సూది కిందికి దిగి షాఫ్టు మీద ఆనుతుంది. షాఫ్టు తిరిగితే సూది అదురుతుంది, నూనె దిగుతుంది. షాఫ్టు ఆగితే నూనె కూడా ఆగుతుంది. ఒత్తి కప్పు కంటే ఇది ఒక మెట్టు మేలు.

(ఇ) మెత్త: బేరింగు కింది పెట్టెలో నూనెతో తడిసిన మెత్తను ఉంచుతారు. అది తిరిగే షాఫ్టును కింది నుంచి తాకుతూ నూనె పూస్తుంది. రైలు పెట్టెల ఇరుసులకు ఈ పద్ధతి అనుకూలం.

ఒత్తి కప్పు, సూది బుడ్డి రెండూ నూనెను పై నుంచి ఇస్తాయి. పై నుంచి పోస్తే కిందికి దిగుతుందన్న నమ్మకం వాటి వెనుక ఉంది. ఆ నమ్మకాన్నే టవర్ ప్రయోగం దెబ్బతీసింది.

9.3 నివేదికలోని కీలక ఘట్టం

టవర్ యంత్రంలో షాఫ్టు వ్యాసం 4 అంగుళాలు, బేరింగు పొడవు 6 అంగుళాలు. ఇత్తడి బేరింగు షాఫ్టు చుట్టూ పూర్తిగా ఉండదు. పై భాగాన్ని మాత్రమే 157 డిగ్రీల మేర కప్పుతుంది. బరువు దానిని కిందికి నొక్కుతుంది. షాఫ్టు అడుగు భాగం నూనె తొట్టిలో మునిగి ఉంటుంది.

తొట్టి ప్రయోగాలు ముగింపుకు వచ్చిన దశలో అధిక భారం కింద బేరింగు ఒకసారి పట్టేసింది. పరిశీలన కోసం ఇత్తడిని బయటకు తీశారు. ఎలాగూ తీశారు కనుక, తరువాతి ప్రయోగాలకు మామూలు నూనె కప్పు బిగించేందుకు నడినెత్తిన అర అంగుళం రంధ్రం చేశారు. మళ్ళీ అమర్చి తొట్టిలో నూనెతో యంత్రాన్ని నడపగా, ఆ రంధ్రం గుండా నూనె పైకి ఉబికి వచ్చి చుట్టూ పొర్లింది. బిరడా పెట్టారు. తరువాత చెక్క బిరడా దిగ్గొట్టారు. నూనె దానిని కూడా మెల్లగా బయటకు నెట్టేసింది. చివరకు పీడనమాపకం బిగించారు. దాని మీద 200 పౌన్ల వరకే గుర్తులున్నాయి. ముల్లు ఆ గుర్తును దాటిపోయింది. బేరింగు మీద సగటు భారం మాత్రం చదరపు అంగుళానికి 100 పౌన్లే.

దీని అర్థం ఏమిటి? ఇత్తడి ఇనుము మీద ఆనలేదు, నూనె పొర మీద తేలుతోంది. ఆ పొరను షాఫ్టు తన భ్రమణంతో తానే తయారుచేసుకుంటోంది. పొరలో పీడనం ఎక్కువగా ఉన్న చోటనే ఇంజనీర్లు నూనె పోయడానికి రంధ్రం పెడుతున్నారు!

ఆ తరువాత తొట్టి తీసేసి, అదే రంధ్రానికి గాడి చేర్చి పై నుంచి నూనె ఇవ్వగా, చదరపు అంగుళానికి 100 పౌన్ల భారానికే బేరింగు వేడెక్కింది. నూనె కిందికి దిగలేదు. నూనెను లోపలికి పంపవలసిన గాడి, లోపలి నూనెను పోగుచేసి బయటకు పంపే కాలువగా మారింది. మధ్య రంధ్రాన్ని మూసి గాడులను పక్కలకు మార్చిన తరువాతే బేరింగు నూనెను స్వీకరించింది.

9.4 నివేదిక బలం

ఈ రచనలో మొదట మెచ్చుకోవలసింది నిజాయితీ. బేరింగు పట్టేయడం, నూనె పొర్లడం, బిరడా ఎగరడం వంటి వాటిని చాలామంది తుది ప్రతిలో చేర్చరు. టవర్ వాటిని జరిగిన వరుసలోనే రాశాడు. ఇబ్బందిని తుడిచేయకుండా దానికి కొలమానం బిగించాడు. ఆవిష్కరణ అక్కడే జరిగింది.

రెండవ బలం, ఊహను ఊహగానే చెప్పి తరువాత పరీక్షించడం. పీడనం మధ్యలో ఎక్కువగా, అంచుల వద్ద శూన్యంగా ఉంటుందని తొలి నివేదికలో అంచనా వేశాడు. రెండవ నివేదికలో బేరింగు మీద పలుచోట్ల పీడనాన్ని కొలిచి చూపాడు. మొత్తం భారం 8008 పౌన్లు. దానిని 4 × 6 = 24 చదరపు అంగుళాలతో భాగిస్తే సగటు 333 పౌన్లు వస్తుంది. కొలిచిన గరిష్ఠ పీడనం 625 పౌన్లు, అంటే సగటుకు దాదాపు రెట్టింపు. ఈ కొలతల ఆధారంగానే ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో నూనె పొర సిద్ధాంతాన్ని గణితరూపంలో ప్రకటించాడు: వెడల్పు వైపు నుంచి ఇరుకు వైపుకు షాఫ్టు లాక్కుపోయే నూనె, చీలలాగా దూరి భారాన్ని ఎత్తుతుంది.

9.5 పట్టికను ఎలా చదవాలి?

ఇప్పుడు నివేదికలో వివాదానికి అవకాశమున్న చోటికి వద్దాం. రేప్ నూనెతో, నిమిషానికి 150 భ్రమణాల వేగం వద్ద మూడు పద్ధతులను టవర్ ఇలా పోల్చాడు:

నూనె తొట్టి – భారం 263 పౌన్లు, ఘర్షణ గుణకం 0.00139, తులనాత్మక ఘర్షణ 1
ఒత్తి కప్పు – భారం 252 పౌన్లు, ఘర్షణ గుణకం 0.0098, తులనాత్మక ఘర్షణ 7.06
మెత్త – భారం 272 పౌన్లు, ఘర్షణ గుణకం 0.0090, తులనాత్మక ఘర్షణ 6.48
(భారం చదరపు అంగుళానికి)

ఈ అంకెల బరువు తెలియాలంటే చిన్న లెక్క చేయండి. ఒత్తి కప్పుతో మొత్తం భారం 252 × 24 = 6048 పౌన్లు. దానిని 0.0098తో గుణిస్తే ఘర్షణ బలం సుమారు 59 పౌన్లు. తొట్టితో ఇదే లెక్క చేస్తే సుమారు 9 పౌన్లే వస్తుంది. షాఫ్టు, వేగం, నూనె అవే. మారింది నూనె అందిన తీరు.

పట్టిక బోధించే పాఠం ఇంతవరకు సరైనదే. కానీ "7.06" అన్న అంకెను గమనించండి. రెండు దశాంశాల వరకు ఇచ్చిన అంకె, ఒత్తి కప్పుకు స్థిరమైన గుణం ఒకటి ఉందన్న భ్రమ కలిగిస్తుంది. టవర్ మాత్రం వచనంలో అలా అనలేదు. మామూలు సాధనాలతో ఫలితం, నూనె ఎంత అందింది, ఎంత సమంగా పరచుకుంది అన్నదాన్ని బట్టి తొట్టి ఫలితం మొదలుకొని బేరింగు పట్టేసేంత వరకు ఎక్కడైనా ఉండవచ్చునని ఆయనే రాశాడు. అంటే రచయిత వాక్యం ఆయన పట్టిక కంటే ఎక్కువ నిజం చెబుతోంది. వాక్యాన్ని వదిలేసి పట్టికను మాత్రమే ఎత్తిరాసుకున్న పాఠకుడు "ఒత్తి కప్పు తొట్టి కంటే ఏడు రెట్లు చెడ్డది" అని కంఠస్థం చేస్తాడు. టవర్ ఆ మాట అనలేదు.

9.6 నివేదిక పరిమితులు

1. భారం ఎప్పుడూ ఒకే దిశలో, నిలకడగా ఉంది. ఆవిరి యంత్రపు క్రాంక్ బేరింగులో భారం ప్రతి భ్రమణంలో దిశ మారుతుంది. ఒక క్షణంలో అధిక పీడనం ఉన్న చోటు మరుక్షణం ఖాళీ అవుతుంది. కనుక "పై రంధ్రం ఎప్పుడూ తప్పే" అన్న నిర్ణయానికి ఈ ప్రయోగం చాలదు.

2. తొట్టి ఉత్తమమని తేలింది. కానీ ప్రతి యంత్రంలో తొట్టి పెట్టడం సాధ్యం కాదు. ఎత్తున ఉన్న షాఫ్టులు, ఊగే కడ్డీలు, దుమ్ము పడే చోట్లు ఉన్నాయి. సమృద్ధిగా నూనె ఉంటే ఏమవుతుందో తెలిసింది. కనీసం ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్న, అంటే కర్మాగారంలో రోజూ ఎదురయ్యే ప్రశ్న, మిగిలిపోయింది.

3. పొర ఎందుకు ఏర్పడుతుందో టవర్ వివరించలేదు. దీనిని లోపంగా లెక్కించనక్కరలేదు. వివరణకు తగిన కొలతలు ఇవ్వడం కూడా శాస్త్రంలో పూర్తి పనే.

9.7 ఈ కొలబద్దతో ఇతర సాధనాలు

టవర్ నేర్పిన ప్రశ్నను మనకు తెలిసిన సాధనాలకు వేద్దాం. పాత ఆయిల్ ఇంజన్ల మీద గాజు చుక్కల కప్పును మీలో కొందరు చూసే ఉంటారు. మర తిప్పితే చుక్కల వేగం మారుతుంది; గాజులో చుక్క కంటికి కనిపిస్తుంది. చూడడానికి ఇది చక్కని నియంత్రణ. అయితే కప్పులో నూనె మట్టం తగ్గితే చుక్క నెమ్మదిస్తుంది. ఉదయపు చలిలో నూనె చిక్కబడినా అంతే. మధ్యాహ్నానికి నూనె పలచబడి చుక్కలు వేగంగా పడతాయి. పైగా, పడిన చుక్క బేరింగు లోపలికి వెళ్ళిందో, పక్క నుంచి కారిందో గాజు చెప్పదు.

ఉంగరపు పద్ధతిలో షాఫ్టు మీద వదులుగా వేలాడే పెద్ద ఉంగరం కింది తొట్టిలో మునిగి, షాఫ్టుతో పాటు తిరుగుతూ నూనెను పైకి తెస్తుంది. యంత్రం ఆగితే అదీ ఆగుతుంది. వాడిన నూనె మళ్ళీ తొట్టిలోకే చేరుతుంది. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడకపోవడం దీని గొప్పతనం. షాఫ్టు మరీ నెమ్మదిగా తిరిగితే ఉంగరం నూనెను సరిగా తేలేదు; అది దీని హద్దు.

1890లో బర్మింగ్‌హామ్‌లోని బెలిస్ సంస్థకు చెందిన ఆల్బర్ట్ పెయిన్, పంపుతో నూనెను నెట్టే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు చేస్తారు: పంపు పీడనమే షాఫ్టును ఎత్తుతుందనుకుంటారు. ఇలాంటి పంపుల పీడనం, టవర్ కొలిచిన పొర పీడనాలతో పోలిస్తే చాలా తక్కువ. పంపు పని సందును నిండుగా ఉంచడం, వేడిని మోసుకుపోవడం. భారం ఎత్తే పని ఇక్కడ కూడా షాఫ్టుదే.

ఈ విమర్శ వల్ల ప్రయోజనం ఏమిటన్న ప్రశ్న రావచ్చు. బేరింగు వేడెక్కినప్పుడు సాధారణంగా మొదటి నింద నూనె పోసే పనివాడి మీద పడుతుంది. "చుక్కలు పెంచు" అంటారు. అతడు పెంచుతాడు. గాడి తప్పు చోట ఉంటే పెరిగిన నూనె నేల మీదికి పోతుంది, బేరింగు పట్టేస్తుంది. నష్టం యజమానికి, మాట పనివాడికి. తప్పు మాత్రం రంధ్రం ఎక్కడ ఉండాలో గీసిన చిత్రపటానిది. అందువల్ల సాధనాన్ని అంచనా వేసేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేయాలి: నూనె తక్కువ పీడనం ఉన్న చోట ప్రవేశిస్తోందా? యంత్రంతో పాటు మొదలై యంత్రంతో పాటు ఆగుతోందా? ఉష్ణోగ్రత, నూనె మట్టం మారితే పరిమాణం ఎంత మారుతోంది? మనిషి మరచిపోతే ఏమవుతుంది?

9.8 సారాంశం

నూనె సాధనం చుక్కలను లెక్కిస్తుంది. నూనె పొరను నిలిపేది షాఫ్టు భ్రమణం, సందు ఆకారం. సాధనం మంచిచెడ్డలు ఈ రెండింటికీ అది ఎంతవరకు తోడ్పడుతుందన్న దానిపై ఆధారపడతాయి. టవర్ నివేదికలు ఈ సంగతిని తొలిసారి కొలతలతో చూపాయి. వాటి పట్టికను ఆయన రాసిన హెచ్చరికతో కలిపి చదివినప్పుడే న్యాయంగా చదివినట్లవుతుంది.

9.9 మీ ప్రగతిని తెలుసుకోండి

1. ఒత్తి కప్పుకు, సూది బుడ్డికి మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?
2. టవర్ పట్టికలోని మెత్త పద్ధతికి ఘర్షణ బలాన్ని లెక్కించండి. (జవాబు: సుమారు 59 పౌన్లు)
3. "7.06" అన్న అంకెను యథాతథంగా ఉదాహరించడం ఎందుకు తగదు? 10 పంక్తులలో రాయండి.
4. మీ ప్రాంతంలోని ఏదైనా ఒక యంత్రపు నూనె అమరికను పరిశీలించి, 9.7లోని నాలుగు ప్రశ్నల ఆధారంగా 30 పంక్తులలో విమర్శించండి. తిరుగుతున్న యంత్రం దగ్గర చేయి పెట్టవద్దు. ఆపిన తరువాతే పరిశీలించండి.