రెండో ప్రశ్న

జీవితమంతా పరీక్షలు పెట్టి, పేపర్లు దిద్ది బతికినవాణ్ణి. మంచి మార్కులొస్తే శుభమేనని నమ్మినవాణ్ణి. ఆ లెక్క తలకిందులయ్యే పరీక్ష ఒకటుంది. మూర్ఛ తగ్గడానికి మెదడుకు ఆపరేషన్ చేసేముందు పెడతారు. దాని గురించి చదివినకొద్దీ, ఆ పరీక్ష పెట్టే న్యూరోసైకాలజిస్టుల మీద గౌరవం పెరిగింది. కొంచెం అసూయ కూడా కలిగింది.

ఫిట్స్ అంటే ఏమిటో ఏలూరు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో వన్‌టౌన్ నుంచి మొదలై వందలమంది ఉన్నట్టుండి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. ఆ తర్వాత అనుమానం పురుగుమందుల మీదికీ మళ్లింది. ఏలూరు పక్కనే వట్లూరులో మేమంతా ఫోన్లు పట్టుకుని అడిగింది ఒకటే: "తగ్గిందా?" బాధితుల్లో కొందరికి కొద్ది నిమిషాలపాటు ఏమీ గుర్తులేకుండా పోయిందని కూడా రాశారు. ఆ సంగతి ఎవరం పెద్దగా పట్టించుకోలేదు. మనిషి లేచి కూర్చుంటే చాలనుకున్నాం.

తగ్గిందా అన్నది మొదటి ప్రశ్న. తగ్గడానికి ఏం పోయింది అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్నను శాస్త్రంగా మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు బ్రెండా మిల్నర్. 1918లో మాంచెస్టర్‌లో పుట్టిన ఆమె, 1950లో మాంట్రియల్‌లో సర్జన్ పెన్‌ఫీల్డ్ దగ్గర మూర్ఛ రోగులను పరీక్షించడం మొదలుపెట్టారు. అప్పటికామె ఇంకా పీహెచ్‌డీ విద్యార్థిని.

1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో స్కోవిల్ అనే సర్జన్, హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మెదడు రెండు వైపులా, కణతల లోపలి భాగం తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి. తెలివితేటలు చెక్కుచెదరలేదు. కానీ కొత్త సంగతేదీ మనసులో నిలవడం మానేసింది. మిల్నర్ వెళ్లి అతణ్ణి పరీక్షించారు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమన్నారు. మూడు రోజుల్లో చేయి తిరిగింది. కానీ అంతకుముందు ఆ బొమ్మ గీసినట్టే అతనికి తెలియదు. చేతికొచ్చే విద్యకూ, నిన్న జరిగిన సంగతి గుర్తుండడానికీ మెదడులో దారులు వేరని అలా తేలింది. ఒక పెన్సిలూ, ఒక అద్దంతో! స్కోవిల్, మిల్నర్ కలిసి 1957లో ప్రచురించిన వ్యాసం తర్వాత, రెండు వైపులా అలా తీసేసే ఆపరేషన్‌కు సర్జన్లు భయపడ్డారు.

అలాగని ఆపరేషనే తప్పని కాదు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 80 మందితో కెనడాలో జరిగిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. స్పృహ తప్పించే ఫిట్స్ ఏడాది తర్వాత పూర్తిగా ఆగినవాళ్లు ఆపరేషన్ వైపు వెళ్లినవారిలో 58 శాతం, మందుల మీదే ఉన్నవారిలో 8 శాతం. దూరం పోనక్కర్లేదు, సికింద్రాబాద్ కిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్లు చేస్తున్నారు.

"చేయిస్తే మావాడి చదువు పోతుందా మాస్టారూ?" అని ఒక తండ్రి నన్నడిగాడు. జవాబు చెప్పాల్సింది నేను కాదు. ఆ పరీక్ష చెప్పాలి. చాలామందిలో మాటల జ్ఞాపకం ఎడమ కణత వైపు భాగం మీద ఆధారపడుతుంది. కథ చెప్పి అరగంట తర్వాత మళ్లీ చెప్పమంటారు, పదాల జాబితా అప్పజెప్పమంటారు. మార్కులు తక్కువొస్తే, ఆ భాగం ఇప్పటికే చెడిపోయి ఉండొచ్చు, తీసేసినా పెద్దగా పోయేదుండదు. మార్కులు బాగా వస్తేనే భయం. పనిచేస్తున్నదాన్ని కోయబోతున్నారన్నమాట. నా లెక్క తలకిందులైంది ఇక్కడే. నా పరీక్ష పిల్లవాడికి ఏం వచ్చో చూస్తుంది, వాళ్ల పరీక్ష రేపు ఏం పోతుందో ముందే చెబుతుంది. పిల్లవాడు ఫెయిలైతే ఊపిరి పీల్చుకునే పరీక్ష నేనెన్నడూ పెట్టలేదు.

అయితే ఇందులో ఒక తిరకాసుంది. బొమ్మ చూపించి పేరడిగే అమెరికా పరీక్ష ఒకదాంట్లో మంచుగడ్డలతో కట్టే ఇగ్లూ ఇల్లుంటుంది, ప్రెట్జెల్ అనే చిరుతిండి ఉంటుంది. కొల్లేట్లో వలేసే మనిషికి అవి చూపిస్తే సున్నా వస్తుంది. అతనికి కొర్రమీను, మట్టగిడస, జెల్ల, ఇంగిలాయి చూపండి, పేర్లతోపాటు ఏది ఏ కాలంలో పడుతుందో కూడా చెబుతాడు. మొదటి పరీక్షలో అతని మెదడు చెడిపోయినట్టు లెక్క, రెండోదాంట్లో నిక్షేపం. అక్కడి మార్కులను నమ్మి, పోయేదేమీ లేదనుకుని కోస్తే?

మనవాళ్లకు తగ్గ పరీక్షలు తయారుచేసే పని మన దేశంలో జరగలేదని కాదు. బెంగళూరు నిమ్హాన్స్ తన పరీక్షలను ఇక్కడివాళ్ల మీదే ప్రామాణికం చేసింది. మూర్ఛ గురించి కాకపోయినా, ఇక్కడివాళ్ల మెదడు మీద జరిగిన పని ఇంకొకటుంది: డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది మతిమరుపు రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో చెప్పింది. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనబడింది. బడి మెట్లెక్కకపోయినా మెదడు ఊరికే కూర్చోదన్నమాట.

వట్లూరులో ఇంజినీరింగ్ కాలేజీ ఉండడంతో పిల్లల కళ్లన్నీ కంప్యూటర్ల మీదే. సైకాలజీ అంటే వెనక్కి తగ్గుతారు. కొల్లేటి లంకల మనిషికి ప్రశ్నపత్రం రాయాలంటే ఆ చేపల పేర్లు తెలిసినవాళ్లే కావాలి, మాంట్రియల్ నుంచి ఎవరూ రారు. ఈసారి ఇంటర్ పిల్లలెవరైనా ఏం చదవమంటారని అడిగితే, న్యూరోసైకాలజీ పేరు కూడా చెబుదామనుకుంటున్నాను.