పాట, పొలం, పలుకు

ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో ప్రావిన్సు గురించి యాత్రా రచనలు చదివినప్పుడల్లా మాకొక లోటు కనిపిస్తుంది. కొండవాలున మెట్లుమెట్లుగా ఉన్న వరిమళ్లకు పేజీలు, పండుగలకు నాలుగు ఫొటోలు, తువాలి లాంటి భాషలకు ఒక్క వాక్యం.

అక్కడి ఆదివాసుల బతుకులో ఇవి వేరువేరు కావు. పైన ‘ముయోంగ్’ అనే అడవిని కుటుంబాలు కాపాడితేనే కింది మళ్లకు నీళ్లు. కోతలప్పుడు, చావింట్లో పెద్ద వయసు ఆడవాళ్లు ముందుండి హుడ్‌హుడ్ పాడతారు. కోతలయ్యాక హుంగ్‌డువాన్‌లో ఏట్లో దిగి, జట్లు కట్టి లాగుకునే వేడుకే పున్నుక్.

2001లో యునెస్కో హుడ్‌హుడ్‌ను గొప్ప వారసత్వంగా ప్రకటించింది. అదే ఏడు ఆ వరిమళ్లను ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టింది. మడి బీడుపడితే కోతపాట ఎక్కడ పాడాలి? 2012లో మళ్లు ఆ జాబితా నుంచి బయటపడ్డాయి. కానీ చిన్న తరగతుల్లో మాతృభాషలో బోధన తప్పనిసరి కాదని 2024లో అక్కడ చట్టం వచ్చింది. మాట రాని పిల్లలకు పాట ఎట్లా అందుతుంది?

రాసినవాళ్లనే అనడం దేనికి? ఆగస్టు 9న మేమూ పిల్లలతో వేదిక మీద మన ఆట ఆడిస్తాం. మర్నాడు తరగతిలో వాళ్లు ఇంటి భాషలో జవాబిస్తే, ‘తెలుగులో చెప్పు’ అంటాం.