సంగటికి పళ్లేంటికి?

ఈ వారం గూళూరు పెండ్లిలో మా పెద్దమ్మను చూసి ఒళ్లు మండింది. ఫోటోకు నిలబడే ముందు సంచిలోంచి డబ్బా తీసి పళ్ల సెట్టు పెట్టుకుంది. ఫోటో కాగానే సెట్టు మళ్లీ డబ్బాలోకి. పంక్తిలో కూర్చున్నది బోసినోటితోనే. "తినేదానికి కదా పెద్దమ్మా కట్టించుకునింది?" అంటే, "సంగటికి పళ్లేంటికి నాయనా?" అనింది.

సంగటి మీద నాకు పక్షపాతం ఉంది. ఇంక నేనేం మాట్లాడేది? మా బాగేపల్లి పక్క సంగటిని నమలరు. వేడిమీద తుంచి, పులుసులో అద్ది, మింగడమే. నమలబోయి నవ్వులపాలైన కొత్తల్లుళ్లు ఊరికొకరుంటారు.

మా తాత చివరి రోజులన్నీ బోసినోటితో అట్లే గడిపేశాడు. ఆకూ వక్కా మాత్రం చిన్న ఇత్తడి రోట్లో దంచుకునేవాడు. తెల్లారుజామున ఆ చప్పుడుకే ఇల్లంతా లేచేది. ఆయన పళ్లు ఎవరూ పీకలేదు, చిగుళ్ల జబ్బుతో వాటంతటవే రాలిపోయాయి. పుచ్చుపన్నయితే రాత్రంతా నిద్రపోనీదు. చిగుళ్ల జబ్బు చడీచప్పుడు లేకుండా వస్తుంది. పంటి మొదట్లో పాచి గారకడుతుంది, చిగురు వాస్తుంది, పుల్లేస్తే నెత్తురొస్తుంది, లోపల పంటిని పట్టుకున్న ఎముక కరుగుతూ పోతుంది. చివరికి పుచ్చులేని గట్టి పన్ను కూడా చెనిక్కాయ కొరికితే ఊడి చేతికొస్తుంది. తాత నీళ్లను తిట్టేవాడు. మా పక్క బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న మాట నిజమే, పళ్లమీద గోధుమరంగు మచ్చలు దాని పుణ్యమే. చిగుళ్ల జబ్బుకు మాత్రం పాచి కారణం. పొగాకు, షుగరు దానికి తోడవుతాయి.

ఇంతవరకు రాసి, పెద్దమ్మదే న్యాయం అని ముగిద్దామనుకున్నాను. కానీ ఆ పంక్తిలో ఆమె నాటుకోడి ముక్కల్ని పక్కాకులోకి నెట్టడం నేను చూశాను. మర్నాడు గుచ్చిగుచ్చి అడిగితే అసలు సంగతి చెప్పింది. పైసెట్టు బాగానే ఉంటుందట. కిందిది మాట్లాడితే లేస్తుందట, నమిలితే గుచ్చుకుంటుందట.

అందులో వింతేమీ లేదు. పైసెట్టు అంగిలి మొత్తానికి అతుక్కుని, మధ్యలో ఉన్న పల్చటి ఎంగిలి పొరతో నిలుస్తుంది. కిందిదానికి అంత చోటు లేదు, పైగా నాలుక తోస్తుంటుంది. పళ్లు పోయాక దవడ ఎముక ఏటేటా అరుగుతుంది, పైదానికంటే కిందిది ఎక్కువ అరుగుతుంది. అయిదేళ్ల కిందటి అచ్చుకు పోసిన సెట్టు ఇప్పటి దవడకు ఎట్లా సరిపోతుంది? సెట్టు చేతికొచ్చిన రోజుతో పని అయిపోయిందని ఇంట్లోవాళ్లందరూ అనుకుంటారు. ఈ ఎముక సంగతి పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు.

మీ ఇళ్లలోనూ ఇట్లాంటి సెట్టు మూలన పడి ఉంటే పళ్ల డాక్టరుకు చూపించండి. లోపలివైపు కొత్త పొర పోసి బిగువు చేస్తారు, దాన్ని రీలైనింగ్ అంటారు. గుచ్చుకునే చోట ఇంట్లో ఆకురాయితో రాయొద్దు. రాత్రిపూట తీసి చన్నీళ్లలో వేయండి, మరిగే నీళ్లలో వేస్తే వంకర తిరుగుతుంది. అసలు సెట్టే లేని ముసలివాళ్ల కోసం కర్ణాటక సర్కారు దంతభాగ్య పథకం పెట్టింది. బీపీఎల్ కార్డు తీసుకుని తాలూకా ఆస్పత్రిలో విచారించండి.