గన్నేరు పప్పుతో ముగిసే కథలు

మన కథల్లో ఆడది చావాల్సి వచ్చినప్పుడు రచయితకు ముందు నుయ్యి గుర్తొస్తుంది, తర్వాత గన్నేరు పప్పు. పాలేరు కూతురైనా, కట్నం బాకీపడ్డ కోడలైనా, మోసపోయిన పిల్లయినా ముగింపు ఒక్కటే. ఇలాంటి కథ చదివినప్పుడల్లా నాకొక అనుమానం: ఆమె ప్రాణం తీసింది విషమా, రచయిత తొందరా?

పల్లెల్లో జరుగుతున్నదే కదా అని వాస్తవికత పేరుతో దీన్ని సమర్థించేవారున్నారు. జరుగుతున్న మాట నిజమే. కాని కథలో ఆమె నిద్రపోయినట్టుంటుంది, పక్కన పచ్చని పూలు రాలి ఉంటాయి. గుండెను పట్టి పీడించే ఆ విషంలో అంత ప్రశాంతత లేదు. ఇక కట్నం బేరమాడిన మామ, నోటు తిరగరాయించిన షావుకారు చివరి పేరాకి కనిపించరు. నేరం చెట్టు మోస్తుంది! పైగా 1980లో ఉత్తర శ్రీలంకలో ఇద్దరమ్మాయిలు ఈ గింజలవల్ల మరణించిన వార్త ప్రచారమయ్యాక, అంతకుముందు అరుదైన ఆ చావులు అక్కడ విపరీతంగా పెరిగాయని వైద్యులు నమోదు చేశారు. చావును అందంగా రాసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవద్దా?

అమెరికన్ రచయిత హాథార్న్ 1844లో రాసిన ‘రప్పచ్చినీ కూతురు’ కథలో తోట నిండా విషమొక్కలే. అయితే వాటిని పెంచిందెవరో, కూతుర్ని వాటి మధ్య ఎందుకు పెంచాడో పాఠకుడికి మొదటినుంచీ తెలుస్తూనే ఉంటుంది. బియాట్రిస్ విరుగుడు తాగి మరణిస్తే మన చూపు మొక్కమీద ఆగదు, తండ్రిమీదికి పోతుంది.

1924లో ‘ప్రవాసి’ పత్రికలో వెలువడిన టాగూరు ‘రక్తకరవి’ నాటకమే కావచ్చు, కథకులు చదవాల్సిన నాటకం. ఎర్రగన్నేరు కూడా వేరునుంచి పువ్వుదాకా విషమే. కాని టాగూరు ఆ విషం జోలికి పోలేదు. మనుషులకు పేర్లు పోయి అంకెలు మిగిలిన బంగారు గనుల యక్షపురిలో, కిశోర్ అనే కుర్రవాడు చెత్తకుప్ప వెనక ఉన్న ఒకే ఒక్క చెట్టును వెతికి, దెబ్బలకు సిద్ధపడి, నందినికి పూలు తెస్తాడు. పువ్వు కోయడమే అక్కడ ధిక్కారం.

ఆ నాటకంతో నాకు పేచీ లేకపోలేదు. చివర్లో రాజే తన ధ్వజాన్ని విరగ్గొట్టి నందిని పక్షాన చేరడం నాకు మింగుడుపడదు. గని కార్మికుల తిరుగుబాటు ఆ రాజు నీడలో చిన్నబోతుంది. అయినా నందిని గన్నేరు కంకణం దుమ్ములో పడి కనిపించినప్పుడు, ఆమె ఎవరిమీదికి పోరాటానికి వెళ్ళిందో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.